మళ్లీ రమ్మంటే మళ్లీ వెళ్లిన రామానుజన్

1910 చివర్లో శ్రీనివాస రామానుజన్ బతుకుదెరువు వెతుక్కుంటూ దివాన్ బహదూర్ రామచంద్రరావును కలిశాడు. ఆయన అప్పుడు నెల్లూరు కలెక్టరు, గణితమంటే చెవి కోసుకునే మనిషి. మాసిన గడ్డం, చంకలో నలిగిన నోటుపుస్తకం, మెరిసే కళ్లు: కలెక్టరుగారికి గుర్తుండిపోయిన రూపం అది. ఆ లెక్కలు మాత్రం అంతుపట్టలేదు. ఇంకోరోజు రమ్మన్నారు.

ఆ మాట విన్నవాళ్లు మామూలుగా మళ్లీ ఆ గడప తొక్కరు. రామానుజన్ తొక్కాడు!

ఈసారి పద్ధతి మార్చాడు. ఎదుటివారికి అందే తేలిక ఫలితాలతో మొదలుపెట్టి, మెల్లగా ఎలిప్టిక్ ఇంటెగ్రల్స్ దాకా నడిపించాడు. సిఫారసు ఉత్తరాలకంటే ఇదే గట్టిగా పనిచేసిందనాలి. ఏం కావాలని అడిగితే, పరిశోధన సాగడానికి పూట గడిస్తే చాలన్నాడు. రామచంద్రరావు కొంతకాలం నెలకు 25 రూపాయలు సొంత డబ్బు పంపారు.

ఊరికే తీసుకోవడం రామానుజన్‌కు నచ్చలేదు. 1912 ఫిబ్రవరి 9న మద్రాసు పోర్టు ట్రస్టులో గుమాస్తా పనికి అర్జీ పెట్టుకున్నాడు. ప్రెసిడెన్సీ కాలేజీ గణితాచార్యుడు మిడిల్‌మాస్ట్ సిఫారసూ తోడైంది. మార్చి 1న నెలకు 30 రూపాయల జీతంతో చేరాడు. 1913 జనవరిలో కేంబ్రిడ్జిలోని గణితవేత్త హార్డీకి ఉత్తరం రాస్తూ తనను పరిచయం చేసుకున్నది ఆ పోర్టు ట్రస్టు గుమాస్తాగానే.