కాఫీ కూజా నుండి కాపలా కన్ను దాకా



మా వీధిగుమ్మం పైన ఈమధ్య ఒక నెట్‌వర్కు కెమెరా వెలిసింది. దూరాన ఉద్యోగం చేసుకుంటున్న మా అబ్బాయి పంపినది. పెట్టె విప్పగా కెమెరాతో పాటు చీమతలకాయంత అక్షరాలతో అచ్చువేసిన ఒక కాగితం కనబడింది. అందులో ఐదు ఆదేశాలు: బిగించే చోటు ఎంచుకోండి; నెట్‌వర్కుకు కలపండి; ఫ్యాక్టరీ పాస్‌వర్డు వెంటనే మార్చండి; కెమెరాలోని సాఫ్టువేరును ఎప్పటికప్పుడు నవీకరించండి; ఎవరెవరు చూడవచ్చునో నిర్ణయించండి. తెలుగు పండితునిగా బ్రతికినవాణ్ణి కనుక, సూత్రం కనబడితే దాని వెనుక భాష్యం వెదకడం నాకు అలవాటు. వెదికితే తేలినదేమనగా, ఈ ఐదింటి వెనుక ఎనభై ఏళ్ల చరిత్ర ఉన్నది. అందులో యుద్ధం ఉన్నది, ఒక గృహిణి భయం ఉన్నది, కాస్త చమత్కారం ఉన్నది, ఒక పెద్ద పొరపాటు కూడా ఉన్నది. ఆ భాష్యమే ఈ వ్యాసం.

దూరదర్శినిని వినోదానికి కాక గమనించడానికి వాడుకోవడం రెండవ ప్రపంచయుద్ధ కాలం నాటిది. 1942లో జర్మనీలోని పేనెమ్యుండెలో వీ-2 రాకెట్లను పరీక్షించేవారు. రాకెట్టు ఎగరవచ్చు, లేదా అక్కడికక్కడే పేలవచ్చు. దగ్గర నిలబడి చూడడం ప్రాణాంతకం. అందుచేత వాల్టర్ బ్రూఖ్ అనే ఇంజనీరు ప్రయోగస్థలం వద్ద కెమెరాలను నిలిపి, తీగల ద్వారా ఆ దృశ్యాన్ని దూరంగా సురక్షితమైన చోట తెరపై చూసే ఏర్పాటు చేశాడు. సీసీటీవీ అని మనం పలికే క్లోజ్డ్ సర్క్యూట్ టెలివిజన్‌కు ఇది ఆదిరూపం. ఇక్కడ మూసిన వలయం అనగా, కెమెరా నుండి తెర వరకు పోయే తీగను తప్ప ఆ దృశ్యానికి వేరే దారి లేదని అర్థం. చూడదలచినవాడు ఆ తీగ కొస దగ్గరకు రావలసిందే. ఈ సంగతి గుర్తుంచుకోండి. ముందు ముందు దీనితో పని పడుతుంది.

ఈ కన్ను ఇంటి గుమ్మానికి చేరడానికి మరో ఇరవై నాలుగేళ్లు పట్టింది. చేర్చినది ఏ పెద్ద సంస్థా కాదు. న్యూయార్కు నగరంలో క్వీన్స్ ప్రాంతానికి చెందిన మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్ అనే నల్లజాతి నర్సు. ఆమె భర్త ఆల్బర్ట్ ఎలక్ట్రానిక్సు పనివాడు. వేళకాని వేళల్లో ఇద్దరి ఉద్యోగాలు. ఆమె ఇంట్లో ఒంటరిగా ఉండవలసి వచ్చేది. పిలిచిన వెంటనే పోలీసులు వచ్చే పేట కాదు. తలుపు తట్టినదెవరో తెలియక తలుపు తీయడమెలా? 1966 ఆగస్టులో ఆ దంపతులు పేటెంటుకు దరఖాస్తు చేశారు. 1969 డిసెంబరు 2న అది మంజూరైంది. తలుపుకు వేరువేరు ఎత్తుల్లో నాలుగు రంధ్రాలు, వాటి వెంట పైకీ క్రిందికీ జరిగే కెమెరా, పడకగదిలో తెర, బయటివారితో మాట్లాడడానికి మైక్రోఫోను, ఉన్నచోటినుండే తలుపు తీయడానికి ఒక మీట, ఆపదలో సహాయం కోసం మరొక మీట. నేటి గుమ్మం కెమెరాలలో ఉన్నదంతా బీజరూపంలో ఇందులో ఉన్నది. ఇంకొక సంగతి కూడా గమనించదగినది. ఆ కెమెరా చూపు గుమ్మం వెలుపలికే. తెర గృహిణి చేతిలోనే. కాగితంలోని మొదటి సూత్రానికి, అనగా చోటు ఎంపికకు, ఇంతకంటె మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఇంతవరకు చెప్పినవన్నీ మూసిన వలయాలే. కెమెరా నెట్‌వర్కులోకి అడుగుపెట్టినది 1991లో, ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ కంప్యూటరు ప్రయోగశాలలో. అందుకు కారణం దొంగ కాదు, కాఫీ. ట్రోజన్ రూమ్ అనే గది దగ్గర ఒకే ఒక కాఫీ యంత్రం ఉండేది. పరిశోధకులు భవనంలోని వేరే చోట్ల నుండి మెట్ల మీదుగా వస్తే కూజా ఖాళీగా వెక్కిరించేది. క్వెంటిన్ స్టాఫర్డ్-ఫ్రేజర్, పాల్ జార్డెట్‌స్కీ అనే ఇద్దరు ఒక కెమెరాను కూజా వైపు త్రిప్పి పెట్టారు. దాని తీగను ఏకర్న్ ఆర్కిమిడిస్ అనే కంప్యూటరుకు కలిపారు. ఒకరు చిత్రాన్ని పంపే ప్రోగ్రాము, మరొకరు అందుకునే ప్రోగ్రాము వ్రాశారు. చిత్రం కొలత 128 చుక్కలు బై 128 చుక్కలు; రంగులు లేవు; నిమిషానికి సుమారు మూడుసార్లు మారేది. కూజా నిండే వేగానికి అది చాలు.

1993 నవంబరులో డేనియల్ గోర్డన్, మార్టిన్ జాన్సన్ అనే సహోద్యోగులు ఆ దృశ్యాన్ని వెబ్బులోకి ఎక్కించారు. అంతే, ఒక ప్రయోగశాల కాఫీ ప్రపంచానికంతకూ వేడుకైంది. తమ దేశంలో పగలైనప్పుడు అక్కడ రాత్రి గనుక, కూజా కనబడేలా దీపం ఆర్పకుండా ఉంచమని జపాను నుండి విన్నపం వచ్చిందట! ప్రయోగశాల కొత్త భవనానికి తరలిపోయేటప్పుడు, 2001 ఆగస్టు 22న కెమెరాను ఆపివేశారు. ఆ కూజాను వేలం వేయగా 3,350 పౌండ్లకు జర్మనీకి చెందిన ష్పీగెల్ ఆన్‌లైన్ కొనుక్కున్నది.

నవ్వుకోవలసిన ఈ కథలో ఒక గంభీరమైన మలుపు దాగి ఉన్నది. 1991లో కూజాను చూసినవారందరూ ఆ కాఫీ త్రాగేవారే. 1993 తరువాత చూసినవారిలో అధికులకు ఆ కాఫీతో సంబంధమే లేదు. తీగ కొస దగ్గరకు రావలసిన అవసరం పోయింది. చూసేవాడెవడో కెమెరా పెట్టినవాడికి తెలియవలసిన పనీ పోయింది. ఎదుట ఉన్నది కాఫీ కూజా గనుక ఎవరికీ నష్టం కలుగలేదు.

కేంబ్రిడ్జి కెమెరాకు స్వంతబుద్ధి లేదు. దాని వెనుక ఒక కంప్యూటరు కూర్చుని పని చేసిపెట్టేది. ఆ కంప్యూటరును కెమెరా కడుపులోకే చేర్చినది స్వీడన్‌లో లుండ్ నగరానికి చెందిన ఏక్సిస్ సంస్థ. 1984లో పుట్టిన ఈ సంస్థ అంతవరకు ప్రింటర్లను నెట్‌వర్కుకు కలిపే పరికరాలు చేస్తుండేది. 1996లో అది నెట్‌ఐ 200 అనే కెమెరాను విడుదల చేసింది. చిన్న కొలత చిత్రమైతే సెకనుకు ఒకటి, పెద్ద కొలతదైతే 17 సెకన్లకు ఒకటి పంపగలిగేది. వేగం నత్తనడకే గాని, దానికి నెట్‌వర్కులో స్వంత చిరునామా ఉన్నది, లోపల స్వంత వెబ్ సర్వరు ఉన్నది. బ్రౌజరులో చిరునామా కొడితే కెమెరాయే బదులిస్తుంది. పేరుకు కెమెరా, నిజానికి కన్నున్న కంప్యూటరు.

నేడు రెండవ సూత్రం ప్రకారం మనం చేసే పనంతా ఈ చిరునామా వ్యవహారమే. రౌటరు మన ఇంట్లోని ప్రతి పరికరానికీ ఒక లోపలి చిరునామా కేటాయిస్తుంది. 192.168 అని మొదలయ్యే ఈ ప్రైవేటు చిరునామాలను ఇంటర్నెట్టు ప్రమాణంలో స్థిరపరచినది కూడా 1996లోనే. అవి ఇల్లు దాటి చెల్లవు. బయటివాడు ఆ చిరునామాతో నేరుగా లోపలికి రాలేడు. అయితే ఊరినుండి ఇంటి దృశ్యం చూడాలనే కోరికతో చాలామంది రౌటరులో పోర్టు తెరిచి, నేరుగా కెమెరాకు దారి ఇచ్చారు. కొన్ని కెమెరాలు యజమానిని అడగకుండానే రౌటరుతో మాట్లాడుకుని ఆ పని చేసుకున్నాయి. వీధితలుపు బార్లా తీసినా లోపల బీరువాకు తాళముంటే కొంత నయం. ఆ తాళమే పాస్‌వర్డు. ఆ తాళం సంగతి ఏమైందో 2016లో లోకానికంతకూ తెలిసింది.

ఆ ఏడాది ఆగస్టులో మిరాయ్ అనే దుష్టప్రోగ్రాము బయటపడింది. మిరాయ్ అంటే జపాను భాషలో భవిష్యత్తు అని అర్థం. అది చేసినదానిలో మహావిద్య ఏమీ లేదు. ఇంటర్నెట్టంతా తిరుగుతూ, తలుపు తెరిచి ఉన్న కెమెరాలు, వాటి రికార్డర్లు, రౌటర్లు వెదికేది. దొరికినదాని మీద 60 పైచిలుకు ఫ్యాక్టరీ పేర్లు, పాస్‌వర్డుల జంటలను వరుసగా ప్రయోగించేది. అడ్మిన్ అనే పేరు, అడ్మిన్ అనే పాస్‌వర్డు, అటువంటివే తక్కినవి. పతాకస్థాయిలో దాని వశమైన పరికరాలు సుమారు ఆరు లక్షలని తరువాత పరిశోధకులు లెక్కగట్టారు. సెప్టెంబరు 20న భద్రతావిషయాల విలేఖరి బ్రయన్ క్రెబ్స్ వెబ్‌సైటుపై ఈ సైన్యం సెకనుకు 620 గిగాబిట్ల ప్రవాహంతో విరుచుకుపడింది. అక్టోబరు 21న డిన్ అనే సంస్థపై దాడి జరిగింది. వెబ్‌సైట్ల పేర్లను చిరునామాలుగా మార్చిపెట్టే సంస్థ కావడంతో, ట్విట్టరు, నెట్‌ఫ్లిక్స్ వంటివి అమెరికాలో గంటల తరబడి అందలేదు. 2017 డిసెంబరులో ముగ్గురు యువకులు మిరాయ్‌ను సృష్టించినట్లు నేరం ఒప్పుకున్నారు. మైన్‌క్రాఫ్ట్ అనే ఆట సర్వర్ల వ్యాపారంలోని పోటీ దీనికి మూలమన్న సంగతి విన్నప్పుడు నవ్వాలో ఏడవాలో తెలియదు.

ఈ కథలో నన్ను కలవరపెట్టినది దాడి కాదు. ఆ ఆరు లక్షల పరికరాల యజమానులలో అత్యధికులకు తమ వస్తువు పరాయివాడి కొలువు చేస్తున్నదని తెలియనే తెలియదు. కెమెరా గోడమీద ఉన్నది, దృశ్యం మామూలుగానే కనబడుతున్నది. ట్రాయ్ నగరవాసులు కొయ్యగుర్రాన్ని సంబరంగా లోపలికి ఈడ్చుకుపోయిన కథ మనకు తెలుసు. తొలి నెట్‌వర్కు కెమెరా కొలువుదీరిన గది పేరు కూడా ట్రోజన్ రూమ్ కావడం కాకతాళీయమే గాని, తరువాతి కథకు అంతకు తగిన పేరు వెదికినా దొరకదు.

మూడవ, నాలుగవ సూత్రాలకు బలం ఇక్కడినుండే వచ్చింది. మిరాయ్ పరికరం జ్ఞాపకశక్తిలో మాత్రమే నివసించేది. కరెంటు తీసి పెడితే పోయేది. పాస్‌వర్డు మార్చకపోతే నిమిషాలలో మళ్ళీ వచ్చేది. కొన్ని పరికరాలలో యజమాని పాస్‌వర్డు మార్చినా, లోపల తయారీదారు పాతిపెట్టిన మరొక పాస్‌వర్డు మారేది కాదు. అటువంటి దోషానికి సాఫ్టువేరు నవీకరణే మందు; ఆ మందు ఇవ్వని తయారీదారు వస్తువును కొనకపోవడమే పథ్యం. ప్రభుత్వాలు కూడా మేలుకున్నాయి. కాలిఫోర్నియాలో 2020 జనవరి 1 నుండి, బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుండి అన్ని పరికరాలకూ ఒకే ఊహింపదగిన పాస్‌వర్డు పెట్టి అమ్మడాన్ని చట్టం నిషేధించింది. భారత ప్రభుత్వం 2024 ఏప్రిల్‌లో సీసీటీవీ కెమెరాలకు భద్రతా ప్రమాణాలు ప్రకటించి, 2025 ఏప్రిల్ నుండి అమలులోకి తెచ్చింది.

ఇక ఐదవ సూత్రం, ఎవరు చూడవచ్చును? ఇది యంత్రానికి సంబంధించిన ప్రశ్న కాదు. మన నేలమీద ఈ ప్రశ్నకు రెండు సమాధానాలు వచ్చాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో ప్రజా భద్రతా చట్టం వచ్చింది. జనం గుమికూడే దుకాణాలు, సంస్థలు కెమెరాలు పెట్టాలనీ, దృశ్యాలను 30 రోజులు భద్రపరచి పోలీసులు అడిగినప్పుడు ఇవ్వాలనీ అది ఆదేశించింది. అదే ఏడాది ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో బాంబులు పేలిన సంగతి తలచుకుంటే, నాటి భయం అర్థం కానిది కాదు. నాలుగేళ్ల తరువాత, 2017 ఆగస్టు 24న, సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి వ్యాజ్యంలో ఏకాంతతను ప్రాథమిక హక్కుగా గుర్తించింది. ఒకటి చూడమన్నది, రెండవది, చూపుకు హద్దు ఉండాలన్నది. రెండూ న్యాయమే. వాటి నడుమ గీత గీయవలసినప్పుడు వీధిలో ప్రభుత్వం గీస్తుంది. గుమ్మం లోపల ఆ బాధ్యత మనది.

మా ఇంట్లో ఆ గీత గీసినది నేను కాదు. అబ్బాయి మొదట కెమెరాను హాల్లో పెట్టమన్నాడు. అక్కడైతే మమ్మల్నిద్దరినీ రోజూ చూసుకోవచ్చునని వాడి ఆశ. అందులో ప్రేమ తప్ప మరేమీ లేదు. మా ఇంటావిడ ఫోనులోనే తేల్చి చెప్పింది: "మమ్మల్ని చూడాలనిపిస్తే ఫోను చెయ్యరా నాన్నా, ముస్తాబై కూర్చుంటాను. ఆ కెమెరా మాత్రం వచ్చేపోయేవాళ్లను చూడనీ." మేరీ బ్రౌన్ పేరు కూడా ఆమె వినలేదు, అయినా అదే మాట అన్నది.

కనుక కెమెరా గుమ్మం పైన, చేయి అందని ఎత్తున, చూపు మా మెట్ల వరకే ఉండేలా, ఎదురింటి కిటికీ పడకుండా వంచి బిగించాము. పోర్టు తెరవలేదు. రికార్డింగు లోపలి కార్డులోనే. పాస్‌వర్డు మాత్రం నేను పెట్టాను, పెద్దది. ఏ నిఘంటువులోనూ దొరకదు, వ్యాకరణానికీ లొంగదు. పండితుడనైనందుకు ఒక్కసారైనా అపశబ్దం అక్కరకు వచ్చింది.

మీ ఇంట కూడా ఇటువంటి కన్ను ఉంటే, ఈ రాత్రికే ఒకసారి ఆ తాళం చెవి ఎవరి చేతిలో ఉన్నదో చూసుకోండి. గోడ మనదైనంత మాత్రాన చూపు మనది కాదు.

స్వస్తి.