ఎల్లల వర్ణన, ఏటి చిత్రం: దామెర్ల చిత్రశాల చరిత్ర ఆకరంగా

రాజమహేంద్రవరంలో స్థానిక చరిత్రకు ఒక కట్టడం, ప్రకృతి దృశ్యచిత్రానికి మరొక కట్టడం ఉన్నాయి. శిల్పాలు, నాణేలు, శాసనాల కోసం రాళ్ళబండి సుబ్బారావు పేరిట ఉన్న ప్రభుత్వ ప్రదర్శనశాలకు వెళ్తాం. గోదావరి చిత్రాల కోసం దామెర్ల రామారావు స్మారక చిత్రశాలకు వెళ్తాం. ఈ విభజన పాలనా సౌలభ్యమే తప్ప చరిత్ర దృష్టి కాదు.

రెండింటి వెనుక ఉన్న ప్రేరణ ఒకే కాలానిది. 1922లో ఆంధ్రేతిహాస పరిశోధక మండలి, రాజరాజనరేంద్రుని పట్టాభిషేకానికి తొమ్మిది వందల ఏళ్ళు నిండిన సందర్భంగా ప్రత్యేక సంచికను వెలువరించింది. కూల్డ్రే ప్రోత్సాహంతో బొంబాయి జె.జె. కళాశాలకు వెళ్ళి చదువుకొని వచ్చిన రామారావు ఆ సంవత్సరాలలోనే అదే ఊరిలో శిష్యులకు చిత్రకళ నేర్పుతున్నారు. 1897లో జన్మించిన ఆయన 1925లో మశూచితో మరణించారు. వరద వెంకటరత్నం వంటి శిష్యులు, చిత్రకారిణులైన భార్య సత్యవాణి, సోదరి బుచ్చికృష్ణమ్మ ఆయన కళా వారసత్వాన్ని నిలిపారు.

విమర్శకుల దృష్టి ‘పుష్పాలంకరణ’, ‘సిద్ధార్థ రాగోదయం’ వంటి చిత్రాలపైనే ఎక్కువగా నిలిచింది. నదీదృశ్యాలను అభ్యాసచిత్రాలుగా భావించి దాటవేశారనిపిస్తుంది. నిజానికి రాజమహేంద్రవరం దగ్గర రామారావు చూసిన గోదావరి స్వేచ్ఛగా పారే నది కాదు. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట నిలిపిన నీరది. ఆ నీటిపై 1900 నాటికే రైలువంతెన వెలసింది. ఆ దృశ్యమే ఒక చరిత్ర.

తూర్పు చాళుక్యుల తామ్రశాసనాలను ఇక్కడ గుర్తు చేసుకోవాలి. వంశప్రశస్తి సంస్కృతంలో సాగినా, దానభూమి ఎల్లలు చెప్పేచోట తెలుగు మాటలు తొంగిచూస్తాయి: చెట్టు, పుట్ట, చెరువు, గుట్ట. భాషాచరిత్రకారులు ఆ మాటలను ఏరుకున్నారు. ఆ మాటలు చూపే నేలను మాత్రం అంతగా పట్టించుకోలేదు. శాసనకర్తకు కావలసింది వివాదం రాకుండా కాచే గురుతులు మాత్రమే. ఋతువు, వెలుగు, వరదమట్టం అతనికి అక్కరలేదు. చిత్రకారుడికి అవే ముఖ్యం. అయితే కూర్పు కోసం ఒక కొండను అటో ఇటో జరిపే స్వేచ్ఛ అతనికుంది. కనుక చిత్రాన్ని సర్వే పటాలతో పోల్చిచూడకుండా సాక్ష్యంగా స్వీకరించలేం.

ఆ పోలిక ఇప్పుడే జరగాలి. పోలవరం నిర్మాణంతో దేవీపట్నం పరిసర గ్రామాలు ముంపు పాలయ్యాయి. జలాశయం పూర్తిగా నిండితే పాపికొండల దిగువన పాత ఒడ్డును కంటితో సరిచూసుకునే అవకాశం ఉండదు. కాగితం మీది నీటిరంగులు వెలుతురుకు వెలిసిపోతాయి గనుక ముందుగా ప్రతి దృశ్యచిత్రానికీ నాణ్యమైన ఛాయాచిత్రం తీయాలి. తరువాత పటం చేతబట్టుకొని, వీలైనచోట చిత్రకారుడు నిలిచిన తావును గుర్తించి, నది ఏ దిక్కున ఉందో, నీరు ఏ మట్టంలో ఉందో, ఏ ఋతువో పట్టికలో నమోదు చేయాలి. తీరగ్రామాల శాసనాల్లోని ఎల్లల మాటలను ఆ పట్టికలోనే పక్కన చేర్చాలి.