రేవుపట్టణపు సిరియు బ్రదుకు వెలయు

మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభసమయమున సంచికకు ఒక వ్యాసము వ్రాయుమని కార్యవర్గమువారు నన్ను కోరిరి. నేను పండితుడను గాను. మా పెద్దలు కరణీకము చేసినవారు. 1984లో ఆ యుద్యోగము రద్దయినప్పుడు నేను బడిపిల్లవాడను. ఉద్యోగము పోయినను లెక్క మమ్ము విడువలేదు. నేటికిని ఊరివారి లెక్కలు వ్రాసియే జీవించుచున్నాను. కావున లెక్కకు సంబంధించిన చరిత్రనే విన్నవించుకొందును.

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతములనుండి కోస్తా పట్టణములకు తరలిపోవువారిని ఏటేట చూచుచున్నాము. "అచ్చట సంపాదన యెక్కువ" అని యొకరును, "అచ్చట ఖర్చెక్కువ" అని వేఱొకరును మా యరుగుమీద వాదించుకొందురు. ఇద్దఱి మాటయు సగము నిజమే. తక్కిన సగమునకై మనము మచిలీపట్నము వైపు చూడవలెను.

గోలకొండ సుల్తానుల కాలమున మచిలీపట్నమును మించిన రేవు తెలుగుసీమలో లేదు. డచ్చివారు 1605లోను, ఇంగ్లీషువారు 1611లోను అచ్చటికి వర్తకమునకు వచ్చిరి. చాయవేరు ఎఱుపు నద్దిన అద్దకపు వస్త్రములు అచ్చటినుండి దూరదేశములకు ఓడలెక్కెను. 1618 మొదలు 1622 వఱకు అందుండిన మెథ్వోల్డు అను ఆంగ్ల వర్తకుడు ఆ పట్టణమును గూర్చి వ్రాసియున్నాడు. కోళ్లు, మేకలు మున్నగు తినుబండములు చౌక యని అతడు మెచ్చుకొనెను. కాని ఊరిలోని బావుల నీరు ఉప్పన. పోటు వచ్చినప్పుడు సముద్రము ఊరి వెలుపలి నేలను ముంచివైచును. పల్లెలో భగవంతుడు ఊరక యిచ్చు మంచినీరు, మెరకనేల యనునవియే ఆ సంపన్న నగరమున అరుదైన వస్తువులు!

మఱియొక విశేషము గలదు. రేవు అధికారము ఏటేట గుత్తకు పోవుచుండెను. ఎక్కువ పాడినవానిదే పెత్తనము. గుత్తసొమ్ము పూర్తిగా చెల్లింపజాలని యొక అధికారిని బెత్తములతో చచ్చువఱకు కొట్టిరని మెథ్వోల్డు చెప్పుచున్నాడు. అట్టి భయముతో గద్దెనెక్కినవాడు ఆ సొమ్మును ఎవరినుండి రాబట్టును? వర్తకునినుండి. వర్తకుడో, కొనువానినుండియు, నేతగానినుండియు రాబట్టును. కవిసార్వభౌముడగు శ్రీనాథుడు సైతము ముదిమిలో కృష్ణాతీరమున బొడ్డుపల్లెను గుత్తకు గొని, వఱద పైరును తినివేయగా ఏడువందల టంకములు కట్టలేక బాధపడెనని చాటువుల వలన వినుచున్నాము. గుత్త లెక్కకు కవి యైనను ఒకటే, కరణమైనను ఒకటే.

1630–32 సంవత్సరముల ఘోర క్షామము ఆ తీరమును గూడ తాకినది. నేతగాండ్రును, బట్టలుతుకు చాకలివారును పెక్కుమంది మరణించిరని ఆంగ్ల వర్తకుల లేఖలు చెప్పుచున్నవి. ప్రపంచమునకు బట్ట కట్టించినవారు గింజ దొరకక నశించిరి. ఏలన, వారి కూలి నాణెములలో నుండెను. బ్రదుకు గింజలలో నుండెను. నాణెము మారలేదు, గింజ వెల మాఱినది. బ్రదుకు వెల యను మాటకు ఇంతకు మించిన వ్యాఖ్యానము నాకు దొరకలేదు.

అట్లయిన పల్లెయే మేలా? ఆ మాట తొందరపడి యనరాదు. మన సీమలో మొన్నమొన్నటి వఱకు కూలి జొన్నలుగనే కొలిచిరి. ధర పెరిగినను కూలివాని కడుపునకు కొలత తగ్గలేదు. కాని వాన లేనియేడు పనియే లేదు. పని లేనిచో కొలతయు లేదు. 1876–78 నాటి ధాతకరవున కర్నూలు జిల్లా జనసంఖ్యలో సుమారు నాలుగవవంతు తఱిగిపోయినట్లు 1871, 1881 జనాభా లెక్కలు సాక్ష్యమిచ్చుచున్నవి. 1877లో సర్కారు కరవుపనులలో మగవానికి దినమునకు ఒక పౌను గింజలు, ఒక అణాగా కూలి తగ్గించిరి. 1855 నాటికే బెజవాడ ఆనకట్ట పూర్తియగుటచే కృష్ణా డెల్టాకు నీరుండెను. మన కర్నూలు–కడప కాలువను ఒక ప్రైవేటు కంపెనీ త్రవ్వెనుగాని, అది ఆ యాపదలో మనలను కాపాడజాలకపోయెను. 1882లో దానిని ప్రభుత్వము కొనివైచినది.

తరువాత కరవు నివారణమును దృష్టియందుంచుకొని, గుంతకల్లునుండి నంద్యాల, కంభము మీదుగా కృష్ణాతీరమునకు రైలుదారి వేసిరి. అంతటినుండి కోస్తా ధరయు మన ధరయు చుట్టములైనవి. గింజ వచ్చుటకు త్రోవ యేర్పడినది, పోవుటకును ఏర్పడినది. నేడు కాలువల క్రింద పండిన నంద్యాల సోనాబియ్యము ఊరూర పేరు గాంచినది. దానిని కోస్తా పట్టణమున మన పిల్లలే అచ్చటి వెలకు కొని తినుచున్నారు.

ఒక మాట చెప్పి ముగింతును. మా పెద్దవాడు విశాఖపట్నమున పనిలో చేరినప్పుడు జీతము విని నేను గర్వించితిని. ఆఱు మాసముల తరువాత వాని ఖర్చుల చిట్టా తెప్పించి చూడగా, ఇంటి అద్దెయు, త్రాగునీటి డబ్బాలును, రాకపోకల చార్జీలును పోను మిగిలినది మా యూరి గుమాస్తా మిగుల్చుకొను దానికంటె ఎక్కువ కాదు. అయినను వానిని వెనుకకు రమ్మని వ్రాయలేదు. అచ్చట వానికి నేర్చుకొను పని యున్నది. ఆ లాభము చిట్టాలో నెక్కదు.

కాబట్టి పోవలదని నేననను. పొలము విక్రయించి పోదలచినవారు మాత్రము నాలుగు పద్దులు ముందుగా వ్రాసికొనవలెను: నీరు, నీడ, గింజ, కూలి. కూలిని రూపాయలలో గాక, అది ఎన్ని దినముల గింజలకును ఎన్ని దినముల అద్దెకును సరిపోవునో కొలిచి చూడవలెను. చీరాల దుకాణములోని వెల యెంతయో ప్రతివాడును అడుగును. నిలుచుటకు వెల యెంతయో అడుగువారు అరుదు. 1864 నవంబరు 1వ తేది తుపానులో మచిలీపట్నము ప్రాంతమున సుమారు ముప్పదివేలమంది మరణించిరి. ఆ పిదప ఆ రేవు పూర్వవైభవమును మఱల చూడలేదు. సిరి ఓడవలె వచ్చును, ఓడవలె పోవును. లెక్క తెలిసినవాడు ఒడ్డున నిలుచును.

మీ యిండ్లలో పాత చిట్టాలు, కౌలు కాగితములు ఉన్నచో చెదలకు విడువక మన గ్రంథాలయమునకు ఒసగుడు. రాబోవు వారికి అవియే మన చరిత్ర.

స్వస్తి.