కాగితం లేని పురాణం

నేను తెలుగు పండితుణ్ణి కాను. బీకాం చదివి బ్యాంకులో చేరినవాణ్ణి. మా ఉద్యోగంలో కాగితం లేనిదే మాట చెల్లదు. అందుకేనేమో, చేతిలో చీటీ ముక్కయినా లేకుండా మూడు గంటలు మాట్లాడే పురాణం అయ్యవార్లంటే నాకు చిన్ననాటినుంచీ అబ్బురం.

మాది సండూరు తాలూకా కూరెకుప్ప. తోరణగల్లు ఉక్కు కార్ఖానా పక్కన ఇప్పుడది పట్టణమైంది, అన్ని భాషలూ వినిపిస్తాయి. నా చిన్నతనంలో కోతలయ్యాక గుడి ముందర భాగవతం చెప్పించేవారు. ఆదోని వైపునుంచి ఒక అయ్యవారు వచ్చేవారు. ఆయనకు చెంబుతో నీళ్లందించే పని నాది. అలా ఆయన తయారీని దగ్గరనుంచి చూశాను.

పొద్దున పుస్తకం తెరిచేవారు. చదివేవారు కాదు. ఆ రాత్రి చెప్పవలసిన పద్యాల ఎత్తుగడలు చూసుకుని మూసేసేవారు. ఆపైన ఊళ్లోకి బయలుదేరేవారు. బావి దగ్గర, కళ్లంలో, రచ్చకట్ట మీద కూర్చుని అందరి కష్టసుఖాలూ వినేవారు. ఇదేం తయారీ అనుకునేవాణ్ణి. గజేంద్రమోక్షం రాత్రి తెలిసింది. ఆ పొద్దున ఒక రైతు పొలంగట్టు తగాదాలో బళ్లారి కోర్టు చుట్టూ తిరిగి సగమైపోయానని చెప్పుకున్నాడు. రాత్రి అయ్యవారు పద్యం పాడి, "ఊళ్లో ఉన్నన్నాళ్లూ మనమంతా ఏనుగులమే కదప్పా! కోర్టు మెట్లెక్కితే ఆడ అంతా నీళ్లే. మొసలి కాలు పట్టుకుంటాది" అన్నారు. జనం విరగబడి నవ్వారు. ఆ రైతు కూడా నవ్వి, తుండుగుడ్డతో కళ్లు తుడుచుకున్నాడు. పోతన్న భాగవతం ఎంత వెతికినా ఆ కోర్టు కనబడదు.

ఈ ఆచారం చాలా పాతది. కంచి దగ్గర కూరంలో దొరికిన పల్లవ పరమేశ్వరవర్మ రాగిశాసనం 7వ శతాబ్దానిది. ఆ ఊరి మండపంలో భారతం చదివేవారికి అందులో ఒక భాగం కేటాయించారు. అయితే చదవడం వేరు, చెప్పడం వేరు. కన్నడిగులు గమకంలో ఈ రెంటినీ ఇద్దరికి పంచారు. ఒకరు కుమారవ్యాసుని భారతం పాడితే మరొకరు అర్థం చెబుతారు. మా అయ్యవారు రెండూ తానే చేసేవారు. పద్యం రాగం తీస్తున్నంతసేపూ తర్వాతి మాట ఆలోచించుకునేవారని నా అనుమానం. ఆదిభట్ల నారాయణదాసుగారు 1883లో కుప్పుస్వామి నాయుడి హరికథ విని, తానూ ధ్రువచరిత్రతో మొదలుపెట్టారు. హరిదాసుకు చేతుల్లో చిడతలు, కాళ్లకు గజ్జెలు. ఇక కాగితం పట్టుకోవడానికి చెయ్యేదీ?

రోములో 1వ శతాబ్దపు క్వింటీలియన్ కూడా ఈ సంగతే చర్చించాడు. మనసులో ఒక ఇల్లు కట్టుకుని, గదికొక విషయం దాచుకోమనే పద్ధతి అప్పటికే ఉంది. పేర్ల జాబితాకు అది సరేగాని పెద్ద ప్రసంగానికి చాలదని ఆయన మతం. మన పురాణికుడికి పద్యమే ఇల్లు. అందులో నిలబడి వాకిట్లోవాళ్లతో మాట్లాడతాడు.

బళ్లారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులుగారు 1886లో సరసవినోదిని సభ పెట్టినప్పటినుంచీ మావాళ్లకు నాటకాల పద్యాలూ నోటికి వచ్చాయి. నాటకానికి తెర వెనకనుంచి మాట అందించేవాడుంటాడు. పురాణానికీ ఉండేవాడు, అయితే జనంలో. అయ్యవారు ఎక్కడైనా తడబడితే వెనకనుంచి ఏ గొర్రెలకాపరి తాతో తర్వాతి పాదం అందుకునేవాడు.

నేను పుట్టకముందే, 1953 అక్టోబరు 1న, బళ్లారి మైసూరు రాష్ట్రంలో కలిసింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు పోయాయి. అయ్యవారు వచ్చే దారిలో సరిహద్దు పడింది. ఆయన రావడం మానలేదుగాని, మేము కన్నడ బడికి పోయాం. నాకు తెలుగు అక్షరాలు తాత ఇసుకలో దిద్దించాడు. రేడియోలో ఉషశ్రీగారు (1928-1990) రామాయణ భారతాలు అద్భుతంగా చెప్పేవారు. మేమూ విన్నాం. కానీ రేడియో మా రచ్చకట్ట మీద కూర్చోలేదు కదా.

అయ్యవారు పోయాక, ఒక శ్రీరామనవమికి నన్ను మాట్లాడమన్నారు. నాలుగు పేజీలు రాసుకుపోయి చదివాను. మా మేనత్త, "కాగితంలో ఉండేది అందరికీ పంచేసుంటే ఇంటికాడ చదువుకునేవాళ్లం గదరా" అంది. మరుసటేడు పద్యాలు నాలుగు మాత్రం కంఠతా పట్టి, నాలుగు వీధులు తిరిగి వెళ్లాను. మూడోదాంట్లో ఆగిపోతే వెనకనుంచి ఒక ముసలాయన అందించాడు. ఆ రోజు బాగా మాట్లాడానన్నారు. సగం గొప్ప ఆయనది.

మొన్నటి నవమికీ ఆగిపోయాను. వెనక్కి చూశాను. ఎవరూ అందుకోలేదు. ముందు వరసలో కూర్చున్న ఒక పాప ఫోనులో వెతికి తెచ్చి చూపించింది. పద్యం తెలుగే, లిపి కన్నడం. కళ్లజోడు పెట్టుకుని చూసి చదివాను.