పారని ఏటికి పారే ఏటి కొలత

నీళ్లలో రేడియోధార్మికతను కొలిచే విద్య చరిత్ర రాసినవాళ్లు సాధారణంగా పరికరాల చరిత్రే రాస్తారు. పాతవి మొరటువి, కొత్తవి సున్నితమైనవి, కాబట్టి మనకిప్పుడు ఎక్కువ తెలుసు అని తేలుస్తారు. కడప జిల్లా వేముల మండలంలోని తుమ్మలపల్లె యురేనియం గని చుట్టూ ఏళ్లుగా నడుస్తున్న వివాదం చూస్తే ఆ కథ పొసగదు. ఇక్కడ అసలు చిక్కు ఏ నీళ్లు, ఏ కాలంలో, ఎంత లోతు నుంచి పట్టారన్న దగ్గర ఉంది.

తొలి దశలు తెలిసినవే. గత శతాబ్దం ఆరంభంలో జె.జె. థామ్సన్ కేంబ్రిడ్జి బావినీళ్లలో రేడియోధార్మిక వాయువును గుర్తించాడు. 1944 నుంచి హాన్‌ఫర్డ్ రియాక్టర్లను చల్లార్చిన నీళ్లు కొలంబియా నదిలో కలిశాయి. 1949లో సోవియట్ మయాక్ కర్మాగారం తేచా నదిలోకి వ్యర్థాలు వదలసాగింది. 1986లో చెర్నోబిల్ వంతు. థామ్సన్ బావిని పక్కన పెడితే, ఇవన్నీ ఏడాది పొడవునా పారే నదుల దగ్గర జరిగినవే. నిర్ణీత రోజున సీసా ముంచి తేవడం, యంత్రంతో గంటగంటకూ కొంత తోడి కలపడం, అడుగు బురద తవ్వి పొరలు చదవడం వంటి పద్ధతులు ఇలాంటి ఒడ్డుల మీదే గట్టిపడ్డాయి.

ఆ పద్ధతులను సీమలోని పాపాఘ్ని, చిత్రావతి, హంద్రీ నదుల దగ్గరికి తెచ్చి చూడండి. ఏడాదిలో ఎక్కువ కాలం అక్కడ ఉండేది ఇసుకే. మూడు నెలలకోసారి సీసా పట్టాలన్న నియమం ఉంటే, వంక ఎండిన కాలపు గడి ఖాళీగా మిగులుతుంది, లేదా మడుగులో నిలిచిన నీళ్లతో నిండుతుంది. మడుగు ఇగిరేకొద్దీ అందులోని లవణాలూ యురేనియమూ చిక్కబడతాయి; పెద్దవాన తర్వాత పలచబడతాయి. రెండూ నిజమైన కొలతలే, కానీ వాటి సగటుకు అర్థం లేదు. ముంగారు తొలి వానకు కొట్టుకొచ్చే ఎర్రనీళ్లు కొన్ని గంటల్లో వెళ్లిపోతాయి, వాటిని పట్టేవారుండరు. ఫుకుషిమా ప్రమాదం తర్వాత జపాన్ నదుల్లో సీజియం చాలావరకు తుపాను వరదల బురదతోనే కదిలిందని తేలింది. ఆ బురదనీళ్లు పట్టినా మరో తేడా ఉంది. వడకట్టాక నైట్రిక్ ఆమ్లం పోస్తే ఒక అంకె వస్తుంది. ముందు ఆమ్లం పోస్తే మట్టికి అంటుకున్నదీ కరిగి మరో అంకె వస్తుంది. నివేదికలో ఆ వరుస రాయకపోతే రెండేళ్ల అంకెలను పక్కపక్కన పెట్టడం వృథా.

తుమ్మలపల్లెలో సమస్య ఇంకా లోతైనది. ఇక్కడి యురేనియం వేంపల్లె డోలోమైట్ సున్నపురాతిలో ఉంది. ఆ రాయి ఆమ్లాన్ని తాగేస్తుంది కాబట్టి జాదుగూడ యురేనియం గనిలోలా ఆమ్లంతో కాక, క్షారంతో, ఒత్తిడి మీద ఖనిజాన్ని కరిగిస్తారు. 2007 నవంబరులో శంకుస్థాపన జరిగిన ఈ కర్మాగారం వ్యర్థాలు కొట్టాల దగ్గరి టెయిలింగ్ పాండ్‌కు చేరతాయి. కార్బొనేట్ నీళ్లలో యురేనియం మట్టిని అంతగా పట్టుకోదు, నీళ్లతోపాటే సాగిపోతుంది. చెర్నోబిల్ సీజియం బంకమట్టికి అతుక్కుంది కాబట్టి అక్కడి బురద సాక్ష్యం చెప్పింది. ఇక్కడి బురద శుభ్రంగా కనిపించినంత మాత్రాన నీళ్లు శుభ్రమనుకోలేం. రేడియం దారి వేరు, దానికి బురద చూడాల్సిందే.

పొలాల్లో తెల్లటి చౌడు పేరుతోందని, అరటి దెబ్బతింటోందని రైతులన్నారు. పాండ్ అడుగున నిర్దేశించిన పాలిథిన్ పొర లేదని 2019లో కాలుష్య నియంత్రణ మండలి నోటీసిచ్చింది. ఈ రాతినేలలో యురేనియం సహజంగానే ఎక్కువని గని నడిపే సంస్థ వాదన. ఆ మాటను కొట్టిపారేయలేం, భూగర్భజలాల్లో సహజ యురేనియం ఉన్న మాట వాస్తవమే. ఖనిజాన్వేషకులు నీటి నమూనాలు పట్టేదే ఆ జాడ కోసం. అయితే ఆ వాదనను తేల్చే మార్గాలున్నాయి. యురేనియంతోపాటు సోడియం, సల్ఫేట్ కూడా పెరుగుతున్నాయా? యురేనియం 234, 238ల క్రియాశీలత నిష్పత్తి ఎంత? సహజ భూగర్భజలంలో అది చాలాసార్లు ఒకటిని మించుతుంది, కరిగించిన ఖనిజపు వ్యర్థంలో ఒకటికి దగ్గరగా ఉంటుంది. ఒక్కటే రుజువు కాకపోవచ్చు, మూడూ ఒకే వైపు చూపితే మాత్రం తోసిపుచ్చడం కష్టం. ఇవన్నీ ఒకే బోరు నుంచి, అదే లోతులో, కాలక్రమంలో పట్టాలి. సీమ రైతు బోరు ఎండితే ఇంకా లోతుకు దించుతాడు, లేదా పక్కన మరోటి వేస్తాడు. పేరు అదే, నీళ్లు వేరు. పాత పట్టికలతో పోల్చేవాళ్లు దీన్ని పట్టించుకున్నది తక్కువ.

ఇప్పుడు చేతిలో పట్టుకెళ్లే ఫ్లోరిమీటరు నిమిషాల్లో మైక్రోగ్రాముల లెక్క చెబుతుంది. గ్రిడ్ గీసి జిల్లాలవారీగా నమూనాలు పట్టారు. జిల్లా పటానికి అది మేలే, ఒక పాండ్ ఊటను పట్టడానికి చాలదు. హద్దులూ నిలకడగా లేవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన లీటరుకు 2 మైక్రోగ్రాముల నుంచి 15కు, 2011లో 30కి పెరిగింది. మన అణుశక్తి నియంత్రణ మండలిది 60. తాగునీటి ప్రమాణంలో 30 చేరింది 2021లో. అదే 45 మైక్రోగ్రాముల నీరు ఒక కాగితం మీద పాసు, ఇంకో కాగితం మీద ఫెయిలు.

2024లో కర్నూలు జిల్లా కప్పట్రాళ్ల అడవిలో యురేనియం కోసం బోర్లు వేయబోతే చుట్టుపక్కల ఊళ్లు ఎదురుతిరిగాయి, పని ఆగింది. తవ్వకం వస్తుందా రాదా అన్నది రాజకీయం తేలుస్తుంది. ఈలోగా అక్కడి బోర్ల లోతు రాసుకుని, ముంగారు తొలి ఎర్రనీళ్ల నుంచి వేసవి మడుగు దాకా ఏడాది నీళ్లు పట్టి, ఆ అంకెలను ఊరి పంచాయతీలో అంటించడానికి గని అనుమతి అక్కర్లేదు.