కొండ కింద చేతులు – కార్మిక నష్టపరిహారం కథ

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర రాయమని కార్యదర్శిగారు కబురు చేశారు. కోటప్పకొండ దాపున పుట్టిన వాణ్ణి కనుక త్రికోటేశ్వరస్వామి గురించో, గొల్లభామ గురించో, కాకి వాలని కొండ అన్న ప్రతీతి గురించో రాస్తానని వారు అనుకుని వుంటారు. అవి నాకంటె బాగా రాయగల పెద్దలు మనలోనే వున్నారు. నేను ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఎక్కువ భాగం కార్మికుల నష్టపరిహారం దరఖాస్తులు చూసే గుమాస్తాను. అందుచేత ఆ కొండ చుట్టూ కష్టపడిన చేతుల సంగతి, వాటికి దెబ్బ తగిలినపుడు చట్టం ఏ మేరకు ఆదుకున్నదన్న సంగతి నాకు తెలిసినంతలో రాస్తున్నాను.

మన దేశంలో కార్మికుల నష్టపరిహార చట్టం 1923లో వచ్చి, 1924 జూలై 1 నుండి అమలయింది. అంతకు ముందు 1855 నాటి ప్రాణాంతక ప్రమాదాల చట్టం ఒకటుండేది. దాని కింద మగడు పోయిన ఆడమనిషి సివిలు కోర్టులో దావా వేసి, యజమాని తప్పువల్లనే చనిపోయాడని రుజువు చేయాలి. క్వారీలో బండ దొర్లి మనిషి పోతే తప్పెవరిదని ఎవరు సాక్ష్యం చెబుతారు? చెప్పినవాడికి మర్నాడు పని వుండదు. జర్మనీ 1884లోను, ఇంగ్లండు 1897లోను ఈ తగాదాను పక్కకు పెట్టాయి. పని మూలంగా, పనిలో వుండగా దెబ్బ తగిలితే చాలు, తప్పెవరిదైనా పరిహారం ఇవ్వాలన్నాయి. మన 1923 చట్టం ఆ దారినే నడిచింది.

అయితే అందులో ఒక మెలిక వుండేది. అది నన్ను చాలాకాలం బాధపెట్టింది.

శివరాత్రికి కోటప్పకొండ ప్రభలు చూడని వారు మన జిల్లాలో వుండరు. వెదుళ్ళతో ఎత్తుగా కట్టి, రంగులద్ది, విద్యుద్దీపాలు అమర్చి, ఊరూరి నుంచి కొండకు తీసుకువస్తారు. కట్టేటపుడు పైకెక్కి మోకులు బిగించే వాళ్ళుంటారు. తొంభయ్యో దశకంలో ఒకసారి అట్లా ఎక్కిన కూలి మనిషి జారి పడ్డాడు. నడుము, తొడ ఎముక విరిగాయి. పండుగ అయ్యాక అతని తండ్రి మా ఆఫీసుకు వచ్చి, "అయ్యా, రోజు కూలి ఇచ్చి పిలిచారు, దేవుడి పనేనంటే మాత్రం కాలు పోలేదా?" అన్నాడు. చట్టం పుస్తకం తీసి చూశాను. తాత్కాలికంగా పెట్టుకుని, యజమాని వ్యాపారానికి సంబంధించని పని చేయించుకుంటే ఆ మనిషి కార్మికుడు కాడు. ప్రభ కట్టడం ఎవరికీ వ్యాపారం కాదు. దరఖాస్తు నిలవదని నోటు రాసినది నా చెయ్యే. ఆ మాటలను చట్టం నుంచి తీసివేసింది 2000 సంవత్సరం సవరణ. అది ఆ ఏడు డిసెంబరు నుండి అమలయింది. అప్పటికి అతను చేతికర్రతో నడుస్తున్నాడు. కొత్త సవరణ పాత ప్రమాదానికి వర్తించదు గదా.

ఇక రాయి పని. నాగార్జునసాగరుకు 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధిగారు కాలువలకు నీళ్ళు వదిలారు. కుడి కాలువ మన తాలూకాలను తడిపింది. అంత పెద్ద రాతి కట్టడానికి రాయి కొట్టినది మనుషులే. ఆ పని అయ్యాక వాళ్ళలో పలువురు ఇటు క్వారీలకూ, కంకర మిల్లులకూ చేరారు. సమ్మెట దెబ్బకు రాతి పెచ్చు ఎగిరి కంట్లో పడటం మామూలు. కనుగుడ్డు చెడకుండా ఒక కంటి చూపు మాత్రం పోతే సంపాదన శక్తిలో నూటికి 30 వంతులు పోయినట్లని చట్టం మొదటి షెడ్యూలు లెక్క. బొటనవేలు పోయినా 30 వంతులే. మేస్త్రీ కింద పని చేసినా, పని ఎవరి వ్యాపారంలో భాగమో ఆ అసలు యజమానే ముందు చెల్లించాలి, తరువాత మేస్త్రీ వద్ద రాబట్టుకోవచ్చునని 12వ సెక్షను చెబుతుంది. ఈ ఒక్క సెక్షను తెలియక వెనుదిరిగిన వారిని ఎందరినో చూశాను.

కంటి దెబ్బ అందరికీ కనిపిస్తుంది. ఊపిరితిత్తుల్లో చేరిన రాతి దుమ్ము కనబడదు. అందులోని సిలికా ఏళ్ళ తరబడి పేరుకుని ఊపిరితిత్తులు గట్టిపడిపోతాయి. దాన్నే సిలికోసిస్ అంటారు. దుమ్ము మానేసినా జబ్బు ముదురుతుంది, నయం చేసే మందు లేదు. పైగా అటువంటి వారికి క్షయ తొందరగా పట్టుకుంటుంది. దగ్గు, ఆయాసం, సన్నబడటం చూసి వైద్యులు టి.బి. అని రాసి మందులిచ్చి పంపేవారు. 1700లో ఇటలీ వైద్యుడు రామజ్జినీ వృత్తి రోగాల మీద పెద్ద గ్రంథమే రాసి, రోగిని అడిగే ప్రశ్నలకు 'నువ్వు చేసే పనేమిటి?' అన్న దాన్ని కూడా చేర్చమన్నాడు. అంత పాత ప్రశ్న మన ఆసుపత్రి చీట్ల మీద నాకు చాలా అరుదుగా కనిపించింది.

1923 నాటి జాబితాలో సీసం, భాస్వరం, ఆంత్రాక్స్ వంటి కొద్ది జబ్బులే వుండేవి. తరువాత మూడవ షెడ్యూలు పెరిగి, సిలికోసిస్, ఆస్‌బెస్టాస్ దుమ్ము జబ్బు, పత్తి దుమ్ము వల్ల వచ్చే బిసినోసిస్ అందులో చేరాయి. పత్తి దుమ్ములో పని చేసేవారికి ఆదివారం సెలవు తరువాత సోమవారం పనిలోకి రాగానే ఛాతీ బిగిసినట్లుండటం దాని గుర్తు. మన జిన్నింగు మిల్లుల పనివాళ్ళు దాన్ని సోమరితనమని తిట్లు తినడం నేను ఎరుగుదును.

సాగరులో రాయి కొట్టి, తరువాత ఇరవై ఏళ్ళు కంకర మిల్లుల్లో పని చేసిన ఒక పెద్దమనిషి దరఖాస్తు నాకు బాగా గుర్తు. టి.బి. మందులు రెండు విడతలు వాడినా తగ్గలేదు. గుంటూరులో ఒక డాక్టరుగారు ఎక్స్‌రే చూసి, ఏం పని చేసేవాడివని అడిగారట. ఆ ఒక్క ప్రశ్నతో ఫైలు మారిపోయింది. పలువురు యజమానుల వద్ద పని చేసి వుంటే పరిహారం వారందరి మధ్య న్యాయంగా పంచే అధికారం కమిషనరుకు వుంది. కాని చివరి మిల్లు యజమాని "ఈ మనిషి మా దగ్గర పని చేయనేలేదు" అన్నాడు. మస్తరులో పేరు లేదు. మన బోటి వాళ్ళకు సర్వీసు రిజిస్టరు వుంటుంది, పుట్టిన తేదీ నుంచి రిటైరయిన పూట దాకా అందులో వుంటుంది. అతనికి ఏముంది? విచారణ పూర్తి కాకముందే అతను పోయాడు.

భార్య దరఖాస్తును కొనసాగించింది. మిల్లు దగ్గర టీ బడ్డీ నడిపే అతని ఖాతా పుస్తకంలో ప్రతి వారం మేస్త్రీ చెల్లించిన టీ డబ్బులు, ఎవరెవరి పేర్న ఎన్ని టీలన్నది రాసి వుంది. ఆరేళ్ళ పుస్తకాలు దాచాడు. అధికారిగారు వాటిని సాక్ష్యంగా తీసుకున్నారు. మిల్లు యజమాని అప్పటికే రెండు వేలు చేతిలో పెట్టి వేలిముద్ర వేయించుకుని వున్నాడు. మరణ పరిహారం కమిషనరు వద్ద డిపాజిటు చేయాలి తప్ప నేరుగా కుటుంబానికిచ్చి చేతులు దులుపుకోకూడదని 8వ సెక్షను. ఆ వేలిముద్ర కాగితం చెల్లలేదు. ఆమెకు డబ్బు అందింది. అనుకున్నంత కాదు, ఆలస్యంగా, అయినా అందింది.

లెక్క కూడా చెబుతాను, పిల్లలకు పనికొస్తుంది. 1995 సవరణ తరువాత మరణిస్తే నెల జీతంలో సగాన్ని వయసును బట్టి వుండే అంకెతో హెచ్చవేయాలి. ముప్పయ్యేళ్ళకు ఆ అంకె 207.98. నెలకు 1,500 రూపాయలు తెచ్చుకునే వాడయితే 1,55,985 రూపాయలు. నలభై ఏళ్ళకు అంకె 184.17కు తగ్గుతుంది. వైద్యులు, వకీళ్ళు తరచు తికమకపడే విషయం ఇంకొకటి. శరీరంలో ఎన్ని వంతులు చెడిందన్నది ఒకటి, అతని పనికి ఎంత నష్టమన్నది మరొకటి. ఎడమచేయి మోచేతి పైన తీసివేసిన వడ్రంగి ఇక వడ్రంగం చేయలేడు కనుక అది పూర్తి అశక్తతేనని 1975లో సుప్రీంకోర్టు ప్రతాప్ నారాయణ్ సింగ్ దేవ్ కేసులో తేల్చింది. ప్రమాదం జరిగిన రోజునుంచే పరిహారం బాకీ పడుతుందని కూడా చెప్పింది.

2010లో ఆ చట్టం పేరు ఉద్యోగుల నష్టపరిహార చట్టంగా మారింది. 2025 నవంబరు 21 నుండి 2020 నాటి సామాజిక భద్రతా కోడ్ అమలులోకి వచ్చి పాత చట్టం అందులో కలిసిపోయింది. ఇంటినుంచి పనికి పోతూ వస్తూ జరిగిన ప్రమాదం కూడా పనికి సంబంధించినదని తేలితే కోడ్ పరిధిలోకి వస్తుంది.

క్రిందటి శివరాత్రికి ముందు మా ఊరి ప్రభ కట్టేచోటికి మనవడితో వెళ్ళాను. మేస్త్రీని పిలిచి, పైకెక్కే వాళ్ళ పేర్లు రాసుకున్నావా అని అడిగాను. స్కూలు నోటుపుస్తకం తీసి చూపాడు. పదకొండు పేర్లున్నాయి, కూలి రేటు వుంది, వయసులు లేవు. వయసులు కూడా రాయమన్నాను. "ఎందుకు తాతగారూ, పెళ్ళిళ్ళు చేస్తారా?" అని నవ్వాడు. పెన్ను లేదంటే నాదే ఇచ్చాను.