కోచింగ్ తీసుకుంటే నిజంగా మార్కులు పెరుగుతాయా? బ్రూక్లిన్ బేస్‌మెంట్ నుంచి నల్లకుంట దాకా

ఇంటర్ రిజల్ట్స్ వచ్చాయంటే చాలు, నాకు వచ్చే మెసేజ్‌లలో ఎక్కువ భాగం ఇదే: "అన్నా, లాంగ్ టర్మ్‌లో జాయిన్ అవ్వమంటావా? నాన్న అప్పు చేసైనా కడతా అంటున్నాడు." ఆ అప్పు సంగతి ఉంది కాబట్టే ఈ ఎపిసోడ్. ఈ ప్రశ్న మనతో మొదలవలేదు. దీని వెనక పెద్ద కథే ఉంది.

అమెరికాలో కాలేజీ అడ్మిషన్ల కోసం 1926లో శాట్ అనే పరీక్ష పెట్టారు. అప్పట్లో ఆ పేరులో మధ్య అక్షరానికి అర్థం ఆప్టిట్యూడ్. అంటే సహజంగా ఉన్న తెలివిని కొలుస్తాం, కోచింగ్‌తో అది మారదు అని దాన్ని పెట్టినవాళ్ల ధీమా.

అప్పుడు వచ్చాడు స్టాన్లీ కాప్లాన్. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ కుర్రాడు, తండ్రి ప్లంబర్. 1938లో సొంతింటి బేస్‌మెంట్‌లోనే ట్యూషన్లు మొదలుపెట్టాడు. డాక్టర్ అవుదామని ఐదు మెడికల్ కాలేజీలకు అప్లై చేస్తే ఒక్కటీ సీటివ్వలేదు. యూదుణ్ణి కావడం వల్లే, ప్రభుత్వ కాలేజీలో చదవడం వల్లే ఇవ్వలేదని ఆయన నమ్మాడు. అందుకే ఆయనకు ఎంట్రన్స్ పరీక్షలంటే ఇష్టం. పేపర్ దిద్దేవాడు నీ కులమతాలు చూడడు కదా! 1946 నుంచి శాట్‌కి చెప్పడం మొదలుపెట్టాడు. పరీక్ష అయ్యాక పిల్లలకు పార్టీ ఇచ్చి, ఏమేం ప్రశ్నలొచ్చాయో మాటల్లోనే రాబట్టేవాడట. మన దగ్గర ఎగ్జామ్ సెంటర్ గేటు బయట జరిగేది కూడా ఇదే, పార్టీ ఒక్కటే తక్కువ.

పరీక్ష పెట్టే కాలేజ్ బోర్డ్ మాత్రం కోచింగ్ వల్ల చెప్పుకోదగ్గ తేడా ఉండదని ఏళ్ల తరబడి చెప్తూ వచ్చింది. చివరికి ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ రంగంలోకి దిగింది. 1979లో తేల్చింది ఏమిటంటే, ఒక కోచింగ్ సెంటర్‌లో కొందరికి ఒక్కో సెక్షన్‌లో 25 పాయింట్ల దాకా పెరిగాయి. సెక్షన్‌కి గరిష్ఠం 800 అని గుర్తుపెట్టుకోండి. సున్నా అయితే కాదు, అలాగని మ్యాజిక్కూ కాదు.

నాకు అన్నిటికంటే నచ్చిన లెక్క 1999లో పవర్స్, రాక్ అనే ఇద్దరు పరిశోధకులు వేసింది. రెండోసారి శాట్ రాసినప్పుడు, కోచింగ్ తీసుకున్నవాళ్లకు వెర్బల్‌లో సగటున 29, మ్యాథ్స్‌లో 40 పాయింట్లు పెరిగాయి. ఇంతవరకే చూపిస్తే మంచి ఫ్లెక్సీ అవుతుంది. కానీ కోచింగ్ లేనివాళ్లకు కూడా 21, 22 పెరిగాయి! వయసు పెరిగింది, పేపర్ అలవాటైంది, అంతే. అంటే కోచింగ్ వాటా 8, 18 మాత్రమే. మిగతాది ఊరికే వచ్చేదే.

ఇప్పుడు హైదరాబాద్ వద్దాం. 1980ల నుంచి నల్లకుంటలో చుక్కా రామయ్య గారి ఐఐటీ కోచింగ్ ఎంత ఫేమస్ అంటే, ఆయన్ని ఐఐటీ రామయ్య అనే పిలిచారు. ఆయన గొప్ప మాస్టారు, అందులో డౌట్ లేదు. కానీ ఆ క్లాసులో చేరడానికే ఒక ఎంట్రన్స్ ఉండేది. ఆ ఎంట్రన్స్‌కి మళ్లీ వేరే కోచింగ్! అంత వడపోసి తీసుకున్న పిల్లల్లో ఎందరు ఎక్కడ చదివినా సీటు కొట్టేవాళ్లో ఎలా చెప్పగలం?

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. శాట్ లెక్కలు మనకి నేరుగా అతకవు. జేఈఈలో అడిగేది ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్. కాలేజీలో ఆ పాఠాలు సరిగ్గా చెప్పకపోతే, కోచింగ్ సెంటర్ చెప్పేది చిట్కా కాదు, అసలు చదువే. పల్లెటూరి కాలేజీ నుంచి వచ్చిన పిల్లకి అక్కడ దొరికేది ఎక్కువే. మంచి లెక్చరర్లు ఉన్న కాలేజీలో చదివి, కొద్దిలో ర్యాంకు తప్పినవాడికి తక్కువే. వాడికి పాత పేపర్లు, టైమ్ పెట్టుకుని రాసే మాక్ టెస్టులు చాలావరకు సరిపోతాయి.

కాబట్టి నాన్న అప్పు తేకముందే ఆఫీసుకి వెళ్లండి. గోడ మీద ఎన్ని ఫొటోలున్నాయో లెక్కపెట్టడం కాదు, పోయినేడాది ఆ బ్యాచ్‌లో మొత్తం ఎంతమంది చేరారో అడగండి. చేరేటప్పుడు వాళ్లకు ఎన్ని మార్కులున్నాయో, చివరికి ఎన్ని వచ్చాయో అడగండి. ఫొటోలో ఉన్న టాపర్ ఫీజు కట్టాడా, ఫ్రీ సీటా అన్నది కూడా అడగండి.